బీగుల్‌బోన్ బ్లాక్‌కి ఎన్‌కోడర్ కడితే కౌంట్ 0 దాటుతలేదు, పైగా ఒక్కోసారి బోర్డే లేస్తలేదు

సాంచ_పోరడు:

అందరికి నమస్తే. మాది సిరిసిల్ల. మా చిన్నాయినకి కొన్ని సాంచలు (మరమగ్గాలు) ఉన్నయ్, బట్ట మడత పెట్టే మిషన్ కాడ మీటర్లు లెక్కపెట్టే డబ్బా ఒకటి నేను తయారు చేసిన. ఇంజనీరింగ్ అప్పుడు కొన్న బీగుల్‌బోన్ బ్లాక్ అనే చిన్న కంప్యూటర్ బోర్డు ఇంట్ల పడి ఉండె, దాన్నే వాడిన. బట్ట మీద ఒక రబ్బరు చక్రం ఆనుకొని తిరుగుతది, దాని ఇరుసుకి 600 పల్సుల ఎన్‌కోడర్, అంటే చుట్టుకి 600 పల్సులు ఎ, బి అనే రెండు వైర్ల మీద పంపే సెన్సర్. మొదట మామూలు జీపీఐఓ (సిగ్నల్ తీసుకునే) పిన్నులకి కట్టి, పల్సు వచ్చినప్పుడల్లా ప్రోగ్రాంని లేపే ఇంటరప్ట్ పైథాన్‌ల పెట్టి లెక్కపెట్టిన. చేత్తో మెల్లగ తిప్పితే పక్కా వస్తది. మిషన్ స్పీడ్ అందుకున్నదా, ఇగ 100 మీటర్ల తాను 93 అంటది, ఒకపాలి 91 అంటది, రెండుసార్లు ఒక్క తీరు చెప్పదు. సేటు కాడ చిన్నాయిన మాట పడ్డడు, ఆ కోపం నా మీద తీర్చుకుండు.

ఇట్ల కాదు, ఈ ప్రాసెసర్‌లనే ఎన్‌కోడర్ లెక్కపెట్టే హార్డ్‌వేర్ ఉంటది, ఈక్యూఈపీ అంటరు, అది ఆన్ చేసుకో అని ఒక దోస్తు చెప్పిండు. సరే అని ఈక్యూఈపీ1 తీసుకున్న. ఆకుపచ్చ వైరు (ఎ) పీ8_35 కి, తెల్ల వైరు (బి) పీ8_33 కి (పీ8, పీ9 అంటే బోర్డుకి రెండు దిక్కుల ఉన్న పిన్నుల వరసలు). ఎన్‌కోడర్ ఎన్‌పీఎన్ ఓపెన్ కలెక్టర్ రకం (వైరుని కిందికి గుంజుడే తెలుసు, పైకి మనమే లాగాలె), దానికి కరెంటు పీ9_7 నుంచి 5 వోల్టులు, సిగ్నల్ వైర్లు రెండిటిని 1కె రెసిస్టర్లతోని పీ9_3 లో ఉన్న 3.3 వోల్టులకి లాగిన. డెబియన్ 11, కెర్నల్ 5.10.

ఇప్పుడు బాధలు. పిన్ను పని మార్చే కాన్ఫిగ్-పిన్ కమాండ్ కొడితే మొదట పీ8_35 పిన్‌మక్స్ ఫైలే లేదన్నది, నో సచ్ ఫైల్ అని. ఎక్కడో చదివి యూఎన్వ్ అనే బూట్ సెట్టింగుల ఫైల్‌ల హెచ్‌డీఎంఐ వీడియో ఓవర్‌లే (ఆ హార్డ్‌వేర్‌ని ఆన్ చేసే సెట్టింగు) బంద్ చేసే లైను ముందున్న హ్యాష్ తీసేసి రీబూట్ చేస్తే ఆ ఎర్రర్ పోయింది. పిన్ మోడ్ మారింది. కానీ లెక్క చూపెట్టే కౌంట్ ఫైల్ ఎన్నిసార్లు చదివినా 0. చక్రం గిరగిర తిప్పినా 0. లెక్క మొదలుపెట్టే ఎనేబుల్ ఫైల్‌ల 1 రాసిన, అయినా 0.

రెండోది ఇంకా విచిత్రం. ఎన్‌కోడర్ కట్టినప్పటి సంది బోర్డు పవర్ ఇస్తే ఒక్కోసారి లేస్తలేదు. పవర్ లైటు ఒక్కటే ఎలుగుతది, మిగతా నాలుగు నీలం లైట్లు సప్పుడు చెయ్యవు. పది సార్లు ఆన్ చేస్తే రెండు మూడు సార్లు లేస్తది. వైర్లు పీకేస్తే ప్రతిసారి లేస్తది. అడాప్టర్ మార్చి చూసిన, అదే కథ. బోర్డు పోయినట్టేనా అన్నా? (ఫోన్‌ల తెలుగు కీబోర్డుతోని కొడుతున్న, కమాండ్లు పలికినట్టే రాసిన, ఏమనుకోకుండ్రి)

పై_వీరాభిమాని:

బ్రో ఆ పాత బోర్డుతో ఎందుకు కుస్తీ, ఒక రాస్ప్‌బెర్రీ పై తీసుకుని రోటరీ ఎన్‌కోడర్ ఓవర్‌లే వేసేయ్, ఒక్క లైనుతో అయిపోద్ది, నేను వాల్యూమ్ నాబ్‌కి అదే వాడా సూపర్‌గా పనిచేస్తంది.

కరంటోడు_తెనాలి:

వాల్యూమ్ నాబ్ వేరు, బట్ట మిషన్ వేరు బాబూ. రాస్ప్‌బెర్రీ పై ఓవర్‌లే కూడా జీపీఐఓ ఇంటరప్టే, కాకపోతే పైథాన్‌లో కాకుండా కెర్నల్‌లో కూర్చుని లెక్కపెడుతుంది. మన తమ్ముడు ఇప్పుడు దేన్ని వదిలించుకోవాలని చూస్తున్నాడో మళ్ళీ దాంట్లోకే దింపుతావేంటి.

సాంచ తమ్ముడూ, నీ బోర్డుకి ఏం కాలేదు, భయపడకు. నువ్వు రాసిన దాంట్లో "పది సార్లలో రెండు మూడు సార్లు" అన్న ముక్క చూసి నాకు నవ్వొచ్చింది, ఎందుకో చెప్తా.

పీ8 లో 31 నుంచి 46 దాకా ఉన్న పదహారు పిన్నులూ ఎల్‌సీడీ డేటా లైన్లు. అవే సిస్‌బూట్ పిన్నులు కూడా. పవర్ వచ్చి ప్రాసెసర్ రీసెట్‌లోంచి బయటపడే క్షణంలో ఈ పదహారింటినీ ఒకసారి చూసుకుంటుంది, ఏది పైన ఉంది ఏది కింద ఉంది అని. ఎస్‌డీ కార్డు చూడాలా, ఈఎంఎంసీ (బోర్డు మీదున్న మెమరీ) చూడాలా, ఏ వరసలో చూడాలి, గడియారం క్రిస్టల్ వేగం ఎంత, అన్నీ ఆ చూపుతోనే తేల్చుకుంటుంది. బోర్డు వాళ్ళు దానికోసం ఒక్కో పిన్నుకి 100కె రెసిస్టర్ పెట్టి పైకో కిందికో లాగి ఉంచారు. నువ్వొచ్చి అక్కడ 1కె పెట్టావు. వంద రెట్లు గట్టిగా లాగుతున్నావన్నమాట, ఇక వాళ్ళు పెట్టింది ఎవడికి వినపడుద్ది?

ఇప్పుడు నీ పిన్నులు చూడు. పీ8_35 అంటే సిస్‌బూట్ 12, పీ8_33 అంటే సిస్‌బూట్ 13. ఈ రెండూ 0 గానే ఉండాలి. నీది ఓపెన్ కలెక్టర్ ఎన్‌కోడర్, లోపల ట్రాన్సిస్టర్ ఆన్‌లో ఉంటే వైరు కిందికి, ఆఫ్‌లో ఉంటే నీ 1కె దాన్ని పైకి. ఎ, బి లకి కలిపి నాలుగు స్థితులే ఉంటాయి: రెండూ కింద, ఎ పైన, రెండూ పైన, బి పైన. చక్రం ఎక్కడ ఆగిందో దాన్ని బట్టి ఈ నాలుగింట్లో ఒకటి. బోర్డు లేచేది రెండూ కింద ఉన్నప్పుడే. నాలుగింట్లో ఒకటి, అంటే పదింట్లో రెండున్నర! చక్రం ఆగిన చోటుని బట్టి నీ కంప్యూటర్ లేస్తోంది తమ్ముడూ.

నమ్మకం లేకపోతే ఇది చెయ్. లేవని పొజిషన్‌లో పవర్ తీసి, చక్రాన్ని వెంట్రుకవాసి కదిపి మళ్ళీ పవర్ ఇవ్వు. 600 పల్సులకి ఒక్కో స్థితి 0.15 డిగ్రీలే కాబట్టి చేత్తో కచ్చితంగా ఆపలేవు గానీ నాలుగైదు సార్లు కదిపితే ఒకసారి లేస్తది.

మందు సింపుల్. ఈక్యూఈపీ1 వదిలెయ్, ఈక్యూఈపీ2 కి రా. దానికి ఎ పీ8_12, బి పీ8_11. ఇవి హెచ్‌డీఎంఐ కి పోవు, ఈఎంఎంసీ కి పోవు, సిస్‌బూట్ కి పోవు. అసలు హెచ్‌డీఎంఐ ఆపాల్సిన పనే ఉండేది కాదు నీకు. ఈక్యూఈపీ2 నే పీ8_41, 42 మీద కూడా తీసుకోవచ్చు అని కొన్ని పట్టికల్లో ఉంటుంది, ఆ వైపు వెళ్ళకు, మళ్ళీ అదే సిస్‌బూట్ గొయ్యి. కాన్ఫిగ్-పిన్‌కి హైఫన్ ఎల్ పెట్టి పిన్ పేరు ఇస్తే ఆ పిన్ ఏ ఏ మోడ్లు ఇస్తుందో చూపిస్తుంది, ఇమేజ్‌ని బట్టి క్యూఈపీ అనో ఈక్యూఈపీ అనో ఉంటుంది, అక్కడున్నదే వాడు.

ఇంకోటి. 5 వోల్టులు సిగ్నల్ వైరు మీదికి రానీయలేదు కదా? ఈ బోర్డు పిన్నులు 3.3 దాటితే తట్టుకోవు. నీది ఓపెన్ కలెక్టర్ కాబట్టి, పైకి లాగింది 3.3 కి కాబట్టి బతికిపోయావు. చూడ్డానికి అచ్చం అలాగే ఉండే పుష్-పుల్ (వైరుని పైకి కూడా తనే తోసే) ఎన్‌కోడర్లు ఉంటాయి, వాటికి 5 ఇస్తే వైరు మీద 5 వస్తుంది, పిన్ను కాదు ప్రాసెసరే పోతుంది. ఎప్పుడు ఎన్‌కోడర్ మార్చినా ముందు మల్టీమీటర్ పెట్టు.

నైట్‌షిఫ్ట్_ఫర్మ్‌వేర్:

బూట్ సంగతి కరంటోడు గారు చెప్పేశారు, నేను 0 సంగతి చెప్తా, ఎందుకంటే ఈ 0 తో నేను ఒక శనివారం మొత్తం పోగొట్టుకున్నా.

పాత కెర్నల్ 4.x లలో ఈ బోర్డుకి వేరే డ్రైవర్ ఉండేది, దాంట్లో పొజిషన్ అని ఒక ఫైల్, అది చదివితే చాలు నంబర్ వచ్చేసేది. నెట్‌లో దొరికే ట్యుటోరియల్స్ సగం దాని గురించే. 5.10 లో ఉన్నది మెయిన్‌లైన్ (అసలు లైనక్స్‌తోనే వచ్చే) డ్రైవర్, కౌంటర్ సబ్‌సిస్టమ్ కింద పనిచేస్తుంది. అక్కడ కౌంట్0 ఫోల్డర్‌లో కౌంట్, ఎనేబుల్ తో పాటు సీలింగ్ అని ఇంకో ఫైల్ ఉంటుంది చూడండి. అది హార్డ్‌వేర్‌లో క్యూపాస్‌మ్యాక్స్ రిజిస్టర్, ఎంత దాకా లెక్కపెట్టాలో ఉండే గడి. రీసెట్ అయ్యాక దాంట్లో ఉండేది 0. అంటే "0 దాకా లెక్కపెట్టు, తర్వాత మళ్ళీ 0 నుంచి మొదలెట్టు" అని చెప్పినట్టు. పాపం హార్డ్‌వేర్ చెప్పిన మాట వింటోంది అంతే, డ్రైవర్ లో బగ్గూ లేదు మీ వైరింగ్ లో తప్పూ లేదు.

కాబట్టి సీలింగ్‌లో ముందు పెద్ద నంబర్ రాసి, తర్వాత ఎనేబుల్‌లో 1 రాయండి. చాలా చోట్ల 1000000 రాయమంటారు, వద్దు. ఎందుకంటే బట్ట కొంచెం వెనక్కి జరిగిందనుకోండి, 0 తర్వాత మైనస్ 1 రాదు, సీలింగ్ కి దూకుతుంది. డిస్‌ప్లే మీద 125 మీటర్లు అని పడితే మీ సేటు గుండె ఆగుద్ది. రిజిస్టర్ 32 బిట్లది, సీలింగ్‌లో 4294967295 రాసేయండి. ప్రోగ్రాంలో ఇప్పటి కౌంట్ లోంచి పాత కౌంట్ తీసేసి, తేడాని 32 బిట్ సైన్డ్ (మైనస్ కూడా ఉండే) నంబర్‌గా చూడండి, అప్పుడు ముందుకి పోయినా వెనక్కి పోయినా, 0 దగ్గర దూకినా లెక్క సరిగ్గానే వస్తుంది.

మీ చక్రం చుట్టుకొలత చెప్పలేదు. ఉదాహరణకి 300 మిల్లీమీటర్లు అనుకుంటే, 600 పల్సుల్లో ఒక్కోదానికి ఈక్యూఈపీ ఎ, బి లు లేచే, దిగే నాలుగు అంచులూ లెక్కపెడుతుంది కాబట్టి చుట్టుకి 2400, మిల్లీమీటరుకి 8 కౌంట్లు. ఆ లెక్కన 32 బిట్లు నిండాలంటే 536 కిలోమీటర్ల బట్ట నడవాలి. సిరిసిల్ల నుంచి హైదరాబాద్ దాకా మూడుసార్లు పరిచినా ఇంకా మిగిలేట్టుంది :)

పైథాన్ ఎందుకు తప్పిందో కూడా ఇక్కడే తేలిపోతుంది. బట్ట నిమిషానికి 60 మీటర్లు నడిస్తే సెకనుకి 8000 అంచులు, అంటే 125 మైక్రోసెకన్లకి ఒకటి. లైనక్స్ పైన పైథాన్ అన్ని సార్లు లేచి పలకదు, పలికినట్టే ఉండి మధ్యలో మింగేస్తుంది. ఈక్యూఈపీ మాడ్యూల్‌కి ఇది చిటికెలో పని, సీపీయూ కి తెలియనే తెలియదు, మీరు తీరిగ్గా సెకనుకి పదిసార్లు ఫైల్ చదువుకోవచ్చు.

ఇంకో చిన్న తలనొప్పి, కౌంటర్0, కౌంటర్1, కౌంటర్2 అని ఫోల్డర్లు కనపడతాయి, ఆ నంబర్లూ ఈక్యూఈపీ నంబర్లూ ఒకటే అని నమ్మకండి, ఒక్కటే ఎనేబుల్ అయితే అదే కౌంటర్0 అవుతుంది. ఆ ఫోల్డర్ లింకు ఎటు పోతోందో చూడండి. దాంట్లో హార్డ్‌వేర్ అడ్రస్ 48304180 కనిపిస్తే ఈక్యూఈపీ2. 48300180 అయితే సున్నా, 48302180 అయితే ఒకటి.

సాంచ_పోరడు:

అన్నా దండం! తెనాలి అన్న చెప్పింది మొదట నమ్మలే నిజం చెప్తున్న, చక్రం ఎక్కడ ఆగిందో దాన్ని బట్టి బోర్డు లేసుడేంది అనుకున్న. మల్టీమీటర్ పెట్టి చూసిన. రెండు వైర్లు కింద ఉన్నప్పుడు పవర్ ఇచ్చిన, లేసింది. ఎ పైన ఉంచి ఇచ్చిన, లేవలే. రెండు పైన ఉంచి ఇచ్చిన, లేవలే. మళ్ళ కిందికి తెచ్చిన, లేసింది. మా చిన్నాయినని పిలిచి చూపెట్టిన, ఆయన "మరి నేను రోజు పొద్దున దానికి దండం పెట్టి ఆన్ చేస్తే లేసుడేంది" అన్నడు, ఆయన జవాబు ఆయనకే ఉన్నది.

పీ8_12, పీ8_11 కి మార్చిన. ఇప్పటికి ముప్పై సార్లు పవర్ తీసి పెట్టిన, ముప్పై సార్లు లేసింది. సీలింగ్ కూడ రాసిన, 48304180 కనిపించింది. కౌంట్ 0 నుంచి కదిలింది!

కానీ కదిలి 1 అయితది, మళ్ళ 0, మళ్ళ 1, మళ్ళ 0. గంతే. ఎటు తిప్పినా 0, 1, 0, 1. ఇప్పుడేంది మళ్ళ?

కరంటోడు_తెనాలి:

ఒక కాలు మీద నడుస్తోంది. ఎ, బి లలో ఒకటి రావట్లేదు. రెండోది కదలకుండా ఒకచోటే ఉంటే మొదటిది పైకి లేచినప్పుడు ముందుకి ఒకటి, కిందికి దిగినప్పుడు వెనక్కి ఒకటి అని లెక్కపడుతుంది, నువ్వు ఎంత తిప్పినా మిగిలేది 0 లేదా 1. పిన్నుల దగ్గర మీటర్ పెట్టి చక్రం చాలా మెల్లగా తిప్పు, ఏది 0 కి 3.3 కి మధ్య మారట్లేదో అదే దొంగ. పిన్ దగ్గర మారుతూ ఉండి కూడా కౌంట్ రాకపోతే ఆ పిన్నుకి మోడ్ మార్చడం మర్చిపోయుంటావు, రెండు పిన్నులకీ విడివిడిగా కాన్ఫిగ్-పిన్ కొట్టాలి.

సాంచ_పోరడు:

తెల్ల వైరు. నిన్న పిన్నులు మార్చేటప్పుడు టంకం సరిగ్గ పడలే, చూస్తే అతికినట్టే ఉన్నది, ఇట్ల వేలు పెడితే ఊడొచ్చింది. మళ్ళ అతికిన. ఇప్పుడు ముందుకి తిప్పితే పెరుగుతుంది, వెనక్కి తిప్పితే తగ్గుతుంది, ఒక్క చుట్టు కి 2400, పదిసార్లు చూసిన పదిసార్లు 2400!! చిన్నాయిన చాయ్ తెప్పించిండు.

ఇంకొక డౌట్, కరెంటు పోయి వస్తే కాన్ఫిగ్-పిన్ మళ్ళ మొదటికే వస్తుంది, ప్రతిసారి ల్యాప్‌టాప్ పెట్టి కమాండ్లు కొట్టాల్నా? మా కాడ కరెంటు సంగతి మీకు తెలుసు కదా.

నైట్‌షిఫ్ట్_ఫర్మ్‌వేర్:

అవును, కాన్ఫిగ్-పిన్ చేసింది రీబూట్ దాకే. ఒక చిన్న షెల్ స్క్రిప్ట్‌లో రెండు కాన్ఫిగ్-పిన్ లైన్లు, సీలింగ్, ఎనేబుల్ ఈ వరసలో రాసి బోర్డు లేవగానే తనంతట నడిచే సిస్టమ్‌డీ సర్వీస్‌గా పెట్టండి, మీ మీటర్ల ప్రోగ్రాం దాని తర్వాత మొదలయ్యేలా. కౌంట్ మాత్రం హార్డ్‌వేర్‌లో ఉండదు, కరెంటు పోతే 0 అయిపోతుంది, కాబట్టి బట్ట తాను మధ్యలో కరెంటు పోతే నష్టం లేకుండా ప్రతి మీటరుకీ ఒకసారి ఫైల్‌లో రాసుకోండి. ప్రతి కౌంట్‌కీ రాయకండి బాబూ, ఈఎంఎంసీ అరిగిపోద్ది. సడెన్‌గా పవర్ పోవడం కూడా ఫైల్ సిస్టమ్‌కి మంచిది కాదు, చిన్న యూపీఎస్ ఏదైనా చూసుకోండి.

లేత్_బాలానగర్:

మీ బోర్డుల గొడవ నాకు అర్థం కాలే గానీ చక్రం గురించి ఒక మాట. తమ్మీ, నువ్వు పాత పైథాన్ తోని 93 వచ్చిందంటున్నవ్, అందులో ఎంత పైథాన్ తప్పు, ఎంత చక్రం జారుడు, అది చూసినవా? రబ్బరు చక్రం కొత్తల బాగ పట్టుకుంటది, బట్టల నూనె, గంజి పొడి అంటుకుంటే జారుతది. జారితే నీ ఎన్‌కోడర్ ఎంత మంచిదైనా జారిన బట్టని లెక్కపెట్టదు. ఇంకోటి, చుట్టుకొలత లెక్కగట్టిన వ్యాసం తోని పెట్టినవా, లేకపోతే కొలిచినవా? స్ప్రింగ్ నొక్కుడికి రబ్బరు అణుగుతది, లెక్క మారుతది. మిషన్ మీద బిగించినంక, బట్ట మీద టేపుతోని పది మీటర్లకి సుద్దతోని గీతలు గీసి, ఆ పది మీటర్లు నడిపి ఎన్ని కౌంట్లు వచ్చినయో చూడు. ఆ నంబరే వాడు, చక్రం సైజు మర్చిపో.

సాంచ_పోరడు:

అన్నా మీరు చెప్పింది నిజమే. నేను 300 అని పెట్టిన, అది చక్రం మీద రాసి ఉన్న సైజు. ఇవాళ పొద్దున సుద్ద గీతలు పెట్టి పది మీటర్లు నడిపిన, 80000 రావాలె, 79470 వచ్చింది. అంటే చుట్టుకొలత 302 పడుతుంది. 100 మీటర్లకి 66 సెంటీమీటర్లు తక్కువ చూపిస్తుండె ఇన్ని రోజులు, పైథాన్ తప్పు కాకుండనే. మూడుసార్లు నడిపిన, 79468, 79471, 79470. ఆ నంబరే ప్రోగ్రాంల పెట్టి 100 మీటర్ల తాను నడిపిన, టేపు తోని మళ్ళ కొలిచినం ఇద్దరం కూసొని, మూడు సెంటీమీటర్లు తేడా.

చక్రానికి వారానికి ఒకసారి స్పిరిట్ పెట్టి తుడవాలె అని గోడ మీద రాసి పెట్టిన. చిన్నాయిన మాత్రం పొద్దున దండం బంద్ చెయ్యలే.